గాలి ఎటు నుంచి?

బయలుదేరే ముందు రోజు, చింతపల్లి

అక్కకు చెప్పి వెళ్దామని విజయనగరం నుంచి పూసపాటిరేగ మీదుగా చింతపల్లి వెళ్ళాను. బావ ఒడ్డున, బోర్లించిన పడవ నీడలో కూర్చుని వల చిరుగులు అల్లుతున్నాడు. నలభై ఏళ్ళు సముద్రం మీద బతికిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక ఒడ్డు దిగడం లేదు. వాళ్ళబ్బాయీ నేనూ హిమాలయాల్లో స్కీయింగ్ నేర్చుకోవడానికి పోతున్నామంటే అందరూ అడిగేది ఒకటే: అక్కడ మంచు ఎంత పడింది? బావ అది అడగలేదు. దారం కొస పంటితో తెంపి, "గాలి ఎటు నుంచి?" అన్నాడు.

పాతికేళ్ళుగా హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. గాలి ఎటు నుంచో నాకు తెలియదు. ఫోను తీసి మేం పోయే ఊరు ఔలీ పేరు కొడితే మైనస్ రెండు డిగ్రీలు, పక్కన ఒక మబ్బు బొమ్మ కనిపించాయి. "రెండడుగుల మంచు ఉందట బావా" అన్నాను.

"నేనడిగింది అది కాదు మాస్టారూ" అని మళ్ళీ వలలో తల దూర్చాడు. అక్క మాత్రం ఒక డబ్బా నిండా అరిసెలు, మరో డబ్బా నిండా ఎండు రొయ్యల పొడి సర్ది ఇచ్చింది.

మొదటి మూడు రోజులు, దారిలో

విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పార్వతీపురం దాటేదాకా కిటికీలోంచి కనిపించినవి పుట్టినప్పటి నుంచి నాకు తెలిసిన కొండలు. ఇన్నేళ్ళూ వాటినే పెద్ద కొండలనుకున్నాను. మేనల్లుడు విశాఖలో కంప్యూటర్ ఉద్యోగి, పాతికేళ్ళవాడు. ఏడు రోజుల శిక్షణకు ఇద్దరి పేర్లూ వాడే కట్టాడు. దారి పొడవునా స్కీయింగ్ వీడియోలు చూస్తూ, మధ్యమధ్య నా మోకాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఢిల్లీ, హరిద్వార్, ఋషీకేశ్. అక్కడి నుంచి జోషీమఠ్‌కు సుమారు 250 కిలోమీటర్లు, చాలావరకు అలకనంద వెంబడే. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ దాటేసరికి నాకు వాంతులు, వాడికి ఆకలి. అంతకంటే చెప్పడానికి లేదు.

జోషీమఠ్‌లో నరసింహస్వామి గుడి ఉంది. సింహాచలం అప్పన్నను కొలిచే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, వెళ్ళకుండా ఎలా ఉంటాం? శీతాకాలం బదరీనాథ్ గుడి మూసి ఉన్నన్నాళ్ళు ఆ స్వామికి పూజలు ఇక్కడే. ఇక్కడి నరసింహుడి చేయి ఒకటి ఏటేటా సన్నబడుతోందనీ, అది విరిగిన రోజున కొండలు కూలి బదరీ దారి మూసుకుపోతుందనీ స్థానికులు నమ్ముతారు. 2023 జనవరిలో ఈ ఊరి నేల కుంగి ఇళ్ళు బీటలు వారినప్పుడు ఈ కథ ఎంతమందికి గుర్తొచ్చి ఉంటుందో.

నాలుగో రోజు, ఔలీ

జోషీమఠ్ నుంచి ఔలీకి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఉండేది. నేల కుంగినప్పటి నుంచి అది ఆగిపోయింది. జీపులో బయలుదేరాం. ఊళ్ళో సన్నటి వాన. కొన్ని మలుపులు తిరిగాక అద్దం మీద చుక్కలు జారడం మానేసి అతుక్కోవడం మొదలుపెట్టాయి. ఇంకా పైకి పోతే అవి చుక్కలూ కావు, పూర్తిగా రేకులూ కావు.

కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. జోషీమఠ్ సుమారు 1,900 మీటర్లు. ఔలీ వాలు పైకొస 3,000 మీటర్ల దరిదాపుల్లో ఉంది. అంటే ఏడు డిగ్రీల తేడా. నా ఫోను మాత్రం రెండింటికీ ఒకే అంకె చూపిస్తోంది. ఏ ఎత్తున లెక్కగట్టిన అంకో తెలియకుండా దాన్ని నమ్మడమంటే, చింతపల్లి ఎండ చూసి అరకుకు స్వెట్టర్ లేకుండా పోవడమే. చూడవలసింది సున్నా డిగ్రీలు ఏ ఎత్తున ఉందో. ఆ ఎత్తుకు రెండు మూడు వందల మీటర్ల దిగువదాకా మంచు కరగకుండా దిగుతుంది. ఆ కింద అదే మంచు వానవుతుంది. ఆ సాయంత్రం మేం సరిగ్గా ఆ సరిహద్దులో ఉన్నాం. మెట్ల మీద పడ్డది చీపురుతో ఊడిస్తే పోయేది కాదు, తట్టతో ఎత్తవలసిన తడి మంచు.

రాత్రికి మబ్బు విడిపోయి చుక్కలు బయటపడ్డాయి. మేనల్లుడు సంబరపడ్డాడు. బావకు ఫోను చేస్తే మళ్ళీ అదే ప్రశ్న. "ఆకు కూడా కదలడం లేదు బావా" అన్నాను. "ఊఁ" అని పెట్టేశాడు.

ఐదో రోజు

తడిసిన మంచు మీద మబ్బు లేని రాత్రి గడిస్తే ఏమవుతుందో పొద్దున ఎనిమిదింటికి నా తుంటి ఎముకకు తెలిసింది. మబ్బు దుప్పటి లాంటిది. అది తీసేస్తే నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. వాలు మొత్తం పలకలా గడ్డకట్టింది. స్కీలు దాని మీద కొబ్బరికోరు శబ్దం చేస్తున్నాయి.

మా శిక్షకుడు గఢ్వాలీ, నలభై దాటిన మితభాషి. మొదటి పాఠం: స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా, నాగలిలా పెట్టి వేగం తగ్గించుకోవడం. మేనల్లుడికి గంటలో పట్టుబడింది. నేను పదకొండుసార్లు పడ్డాను. లెక్క నాది కాదు, వాడిది.

పడ్డవాడికి ఒక లాభం ఉంది, మంచు ముక్కు దగ్గర కనిపిస్తుంది. నా చెంప పక్కన ఉన్నది సినిమాల్లో చూసే దూది కాదు. కల్లుప్పు. గుండ్రటి గింజలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డలైనాయి. కరిగి, మళ్ళీ గడ్డకట్టి, కరిగి, గడ్డకట్టిన మంచు అలాగే అవుతుందట. శిక్షకుడు నన్ను లేపుతూ హిందీలో చెప్పిందాన్ని తెలుగు చేస్తే ఇంత: "ఎండ తగిలే వాలు పొద్దున అద్దం. పదకొండింటికి మెత్తబడిన ఉప్పు. మూడింటికి జావ. మీరు అద్దం మీద పడుతున్నారు. టీ తాగి రండి." టీ తాగి పదకొండింటికి వెళ్తే నిజంగానే స్కీల అంచులు మంచులోకి దిగాయి, మలుపు తిరిగాను. పైపైన ఒకటిన్నర అంగుళం మాత్రమే మెత్తబడింది. ఆ మందమే స్కీ చేసేవాళ్ళకు కావలసింది. మధ్యాహ్నం మూడింటికి స్కీలు కూరుకుపోయి పన్నెండోసారి పడ్డాను.

మనకు మంచు అంటే ఒకటే మాట. గడ్డి మీద బిందువూ మంచే, లంబసింగిలో పొగలా కమ్ముకునేదీ మంచే, హిమాలయం మీద ఉన్నదీ మంచే. ఇక్కడివాళ్ళకు గడ్డకట్టిన బిందువు పాలా, పడేది బర్ఫ్. మా శిక్షకుడు పడ్డ బర్ఫ్‌ను కూడా ఎండుదీ, తడిదీ, గాలి కొట్టినదీ అని వేరు చేసి మాట్లాడతాడు. బావ కూడా నీళ్ళు చూపించి ఒక్క సముద్రంలో నాలుగు సముద్రాలు చెప్పగలడు.

ఆరో రోజు

తెల్లవారి బయటకు వస్తే నీడపట్టు వాలు మీద ఈకలు మొలిచాయి. నిజంగా ఈకలే. చిటికెన వేలి గోరంత పొడవు, ఒక్కోటి గాజు రేకులా నిలబడి, ఊదితే గలగలమంటూ పడిపోతోంది. గాలిలోని తేమ రాత్రి చల్లబడిన మంచు మీద నేరుగా స్ఫటికాలు కట్టింది. గాలి లేదు కాబట్టి విరగలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఇరవై ఫోటోలు తీశాను, పిల్లలకు చూపించడానికి. ఎండ తగిలిన చోట పదింటికల్లా మాయమయ్యాయి. ఈశాన్యం వైపు తిరిగిన వాలు మీద మాత్రం సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి. శిక్షకుడు వాటిని చూసి మెచ్చుకోలేదు. ఎందుకో అడగాలని తోచలేదు.

ఎదురుగా నందాదేవి, 7,816 మీటర్లు. మధ్యాహ్నం దాని కొసన తెల్లటి కొంగు ఎగరడం మొదలైంది, తూర్పుకు. మా దగ్గర ఆకు కదలడం లేదు, అక్కడ మంచును ఊడ్చుకుపోయే గాలి ఉంది. చెయిర్ లిఫ్ట్ మీద కూర్చుంటే ఆ సంగతి చెంపలకు తెలిసింది. మైనస్ అయిదు డిగ్రీల్లో గంటకు ముప్పై కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ పదమూడులా ఉంటుంది. పక్కవాడి ముక్కు మీద తెల్ల మచ్చ కనిపిస్తే చలికి చర్మం గడ్డకడుతున్నట్టే, వెంటనే చెప్పాలి, ఎవరి మచ్చ వాళ్ళకు తెలియదు.

రాత్రి చందమామ చుట్టూ వెలుగు వలయంలా గుడి కట్టింది. "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అని మా అమ్మ అనేది. ఇన్నాళ్ళూ ఊరి మాట అనుకున్నాను. చేయి చాచి, బొటనవేలు చందమామ మీద పెట్టి జాన కొలిచాను. చిటికెన వేలు సరిగ్గా గుడి గోడకు తగిలింది. జానెడంటే సుమారు 22 డిగ్రీలు. బాగా ఎత్తున మంచు స్ఫటికాల పలచటి మబ్బు పరుచుకుంటేనే అంత పెద్ద గుడి కడుతుంది. అల్పపీడనం వచ్చేముందు మొదట వచ్చేది ఆ మబ్బే. చంద్రుణ్ణి ఆనుకుని కనిపించే చిన్న గుడి నీటి బిందువుల పని, దానికి తొందర లేదు. అమ్మకు డిగ్రీలు తెలియవు, అంతే.

బావకు చెప్పాను: పైన పడమటి గాలి, కింద దక్షిణం నుంచి కొంచెం వెచ్చగా, చందమామకు దూరపు గుడి. మొదటిసారి ఫోను వెంటనే పెట్టలేదు. "మీకు తుపాను పడమటి నుంచా!" అన్నాడు ఆశ్చర్యంగా. అవును, మనకు ఆశ్వయుజ కార్తికాల్లో తూర్పు నుంచి వస్తే, వీళ్ళకు మాఘ ఫాల్గుణాల్లో పడమటి నుంచి. మధ్యధరా సముద్రం, కాస్పియన్ ప్రాంతాల నుంచి ఎత్తయిన గాలుల మీద కొట్టుకొచ్చే ఈ అల్పపీడనాలను వాతావరణ శాఖవాళ్ళు వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. ఉత్తరాన గోధుమకు వానా, కొండలకు మంచూ ఇవే తెచ్చిపెడతాయి. అవి ముఖం చాటేస్తే ఏమవుతుందో 2024 జనవరిలో గుల్మార్గ్ చూసింది, నడి చలికాలంలో గడ్డి బయటపడింది.

ఏడో రోజు

మంచు. పొద్దున నుంచి ఆగకుండా, నిలువుగా, చప్పుడు లేకుండా. పాఠాలు సగంలో ఆపేశారు, చలికి భయపడి కాదు. ఆకాశం, నేల ఒకే తెలుపు అయిపోయి నీడలు పోయాయి. నీడ లేకపోతే గుంట, గడ్డ ఏదీ కనిపించదు. కదలకుండా నిలబడి కూడా కదులుతున్నానేమో అనుకుని ఒకసారి పడ్డాను. చెట్ల వారగా ఉంటే ఆ నల్లటి మానులను బట్టి కొంత తెలుస్తుంది.

పని లేని మాస్టారు ఊరుకోడు. వంటింట్లో నిటారుగా ఉన్న స్టీలు గ్లాసు అడిగి తెచ్చి, బయట పడిన కొత్త మంచును అదమకుండా అంచుదాకా నింపాను. పది సెంటీమీటర్ల లోతు. పొయ్యి పక్కన పెట్టి కరిగించి, స్కేలు ముంచితే ఎనిమిది మిల్లీమీటర్లు. మిగతాదంతా గాలి. చేత్తో పిసికితే ఉండ కట్టడం లేదు, బియ్యప్పిండిలా వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. నాలుగో రోజు పడినదైతే చాకిరేవు గుడ్డలా పిండవచ్చు. ఎంత పడిందన్న ప్రశ్నకు అడుగుల్లో జవాబు చెప్పేవాళ్ళను ఇకమీదట నేను నమ్మను.

చీకటి పడ్డాక నిలువుగా పడుతున్నది అడ్డంగా పడడం మొదలైంది. రేకుల కప్పు రాత్రంతా హోరెత్తింది. "పడమటి నుంచి" అన్నాను, బావ అడగకముందే.

"అయితే సరుకంతా తూర్పు పక్కకు పోయి పడుతుంది. రేపు ఎండ కాస్తుంది. వాణ్ణి చూసుకో."

ఎనిమిదో రోజు

ఎండ కాసింది. అంత నీలం ఆకాశాన్ని నేనింతవరకు చూడలేదు. మేనల్లుడు బూట్లు బిగించి సిద్ధంగా ఉన్నాడు. వాడి కన్ను గట్టు అవతల, ఒక్క గీత కూడా పడని తెల్లటి వాలు మీద ఉంది. మోకాటిలోతు కొత్త మంచు. వీడియోల్లో ఉండేది అదే.

శిక్షకుడు వద్దన్నాడు. "తుపాను వెళ్ళిపోయింది కదా" అన్నాడు వీడు. నాకు బావ రాత్రి మాట గుర్తొచ్చింది, దాని వెనక ఇంకా పాత మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఎండ చూసి పడవ దింపుతామన్న కుర్రాళ్ళను బావ ఒడ్డునే కూర్చోబెట్టాడు. గాలి పోయినా నీళ్ళు ఇంకా మరిచిపోలేదని అన్నాడు.

శిక్షకుడు వాదించలేదు. పార తీసుకుని, మనిషెత్తు కూడా లేని చిన్న గట్టు దగ్గరకు తీసుకెళ్ళాడు. అది కూడా ఆ పెద్ద వాలులాగే ఈశాన్యం వైపు తిరిగి ఉంది, జారినా మోకాళ్ళ మీదికి రాదు. నేల తగిలేదాకా తవ్వి, గోడను పార అంచుతో నున్నగా కోసి, "వేలు గుచ్చి చూడండి" అన్నాడు.

అడుగున వేలు సులువుగా దిగింది. పంచదార. పలకలు తేలిన, ఒకదానికొకటి అంటుకోని గింజలు. జనవరిలో మంచు పలచగా ఉన్నప్పుడు తయారైనవి. నేల దగ్గర సున్నా, పైన రాత్రిళ్ళు మైనస్ పదిహేను, మధ్యలో అరవై సెంటీమీటర్ల మంచు. పది సెంటీమీటర్లకు ఒక డిగ్రీ మించి తేడా ఉంటే చాలు, కింది ఆవిరి పైకి పోతూ గింజలను ఇలా మార్చేస్తుంది. ఇక్కడ రెండున్నర ఉంది. మంచు తక్కువ పడిన ఏడాది ప్రమాదం తక్కువనుకునేవాణ్ణి. లెక్క తిరగబడింది.

దాని పైన వేలు దిగలేదు. పెన్సిలు గుచ్చవలసి వచ్చింది. అది నా కల్లుప్పు పలక, నేను పదకొండుసార్లు పడ్డది. దాని పైన దారమంత బూడిదరంగు గీత. భూతద్దం ఇచ్చాడు. చూస్తే నా ఈకలు. ఇరవై ఫోటోలు తీసిన ఈకలు, పడుకోకుండా అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మీద నిన్నటి బియ్యప్పిండి ఉండాలి. కానీ గాలి మోసుకొచ్చిన చోట అది పిండిలా లేదు. దెబ్బలు తిని రేకులు విరిగి, చిన్న ముక్కలై, ఒకదాన్నొకటి పట్టుకుని మైనపు ముద్దలా బిగిసింది. మంచు పడే వేగం కంటే గాలి తెచ్చిపోసే వేగం చాలా ఎక్కువ. మా బస ముందు ముప్పై సెంటీమీటర్లుంటే ఇక్కడ డెబ్బై.

పార వెడల్పున ఒక దిమ్మెను చుట్టూ కోసి విడదీశాడు. దాని నెత్తిన పార పెట్టి, మణికట్టుతో పదిసార్లు తట్టాడు. ఏమీ కాలేదు. మోచేతితో కొట్టడం మొదలుపెట్టాడు. రెండో దెబ్బకు పై దిమ్మె మొత్తం, ఈకల గీత దగ్గర, బీరువా సొరుగు లాగినట్టు నున్నగా జారి మా కాళ్ళ ముందుకు వచ్చింది. చప్పుడు కూడా లేదు.

మేనల్లుడు ఫోను తీసి గట్టు అవతలి వాలు వైపు ఆనించి చూశాడు, 36 డిగ్రీలు. మంచు పలకలు జారేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే. అంతకంటే నిటారుగా ఉంటే నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది, తక్కువైతే కదలదు. స్కీ చేయడానికి సరదా పుట్టించే వాలు కూడా సరిగ్గా అదే. ఎవరు చేసిన ఏర్పాటో.

శిక్షకుడు రోజూ పొద్దున చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ఇచ్చే మంచుచరియల హెచ్చరిక చూస్తాడు. అది ఒకటి నుంచి అయిదు అంకెల్లో ఉంటుంది. కానీ అది జిల్లాకంతటికీ ఒకే అంకె. ఏ గట్టుకు ఏ పక్కన గాలి సరుకు దింపిందో చూసుకోవలసింది మనమే. పార మడుస్తూ, ఇదే జిల్లాలో బదరీనాథ్ అవతల మాణా దగ్గర 2025 ఫిబ్రవరి 28న జరిగింది చెప్పాడు. భారీ మంచు పడుతుండగా మంచుచరియ విరుచుకుపడి రోడ్డు పని కూలీలు ఉంటున్న కంటైనర్లు కొట్టుకుపోయాయి. 54 మందిలో ఎనిమిదిమంది పోయారు. కూరుకుపోయినవాణ్ణి తీయడానికి ఉండేది మొదటి పది పదిహేను నిమిషాలేనట. అందుకే పక్కవాళ్ళ దగ్గర సంకేతాల పరికరం, పొడవాటి గుచ్చే కర్ర, పార ఉండాలి. కిందినుంచి ఎవరో వస్తారనుకోవడం కుదరదు.

వాడు బూట్లు వదులు చేసుకోలేదు. మధ్యాహ్నం శిక్షకుడు మా ఇద్దరినీ దేవదారుల మధ్య పదిహేను డిగ్రీల వాలు మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ గాలి తగలలేదు, బియ్యప్పిండి అలాగే ఉంది. నేను పడ్డాను. నొప్పి లేదు. మెడలోంచి వీపు మీదుగా మంచు జారింది, మేనల్లుడు పగలబడి నవ్వాడు, నేనూ నవ్వాను.

తొమ్మిది, పది రోజులు

చెప్పుకోదగ్గది ఒకటే. మేనల్లుడికి గడ్డం కిందా, ముక్కు పుటాల లోపలి అంచుల్లో చర్మం కాలింది. టోపీ పెట్టుకున్నాను కదా అంటాడు. కొత్త మంచు ఎండలో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది, టోపీ ఏం చేస్తుంది? పదో రోజు పొద్దున పదకొండింటికి, అద్దం ఉప్పు అయ్యాక, వాలు పైకొస నుంచి కిందిదాకా పడకుండా దిగాను. ఎవరూ వీడియో తీయలేదు.

తిరిగి వచ్చాక, చింతపల్లి

ఒడ్డున సరుగుడు తోట ముందు ఇసుక దిబ్బ మీదుగా నడుస్తున్నాను. సముద్రం వైపు కాలు దిగకుండా గట్టిగా ఉంది, అలల్లా ముడతలు. కొసకు వచ్చి అవతలికి కాలు పెడితే పిక్కదాకా కూరుకుపోయింది. ఇసుక చిన్న చప్పుడుతో కిందికి జారింది. వెనక్కి వచ్చి మళ్ళీ అడుగు వేసి చూశాను. మళ్ళీ జారింది. మూడోసారికి బావ పడవ దగ్గర నుంచి కేకేశాడు, ఏం పోయిందని వెతుకుతున్నానని.

అక్క టీ తెచ్చింది. "ఇంతకీ మంచు ఎంత పడిందిరా?" అని అడిగింది.

"అది ఏ పక్కన అన్నదాన్ని బట్టి అక్కా. పడమటి గాలి కాబట్టి మా బస ముందు జానెడున్నర పడింది గానీ, గట్టుకు తూర్పు పక్కన..."

"ఒక్క మాట అడిగితే ఇంత కథా?" అంది అక్క. బావ వల పక్కన పెట్టి, నాకు కూర్చోవడానికి జరిగి చోటిచ్చాడు. "తూర్పు పక్కన ఎంత?" అన్నాడు.